మిలిటరీ ఇంట చదువుకు దక్కేదెంత?

"వాళ్ళకేం, మిలిటరీ ఇల్లు. పిల్లోళ్ళ చదువులన్నీ గవర్నమెంటే చూసుకుంటుంది." చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మొదలుకొని వి.కోట, పుంగనూరు, కుప్పం దాకా ఈ మాట అనని ఊరుండదు. అనేవాళ్ళలో ఈర్ష్య కంటే గౌరవమే ఎక్కువ. దేశానికి పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు సేవ చేసి వచ్చిన మనిషి ఇంటికి ఆ మాత్రం జరుగుతుందిలే అన్న నమ్మకం అది. ఆ నమ్మకం చాలావరకు నిజం కాదు. మాజీ సైనికుల కుటుంబాల చదువు కోసం పథకాలు ఉన్నమాట వాస్తవమే. వాటిలో కొన్ని మంచివి కూడా. కానీ అవి ఎవరికి, ఎంత, ఏ చదువుకు అందుతాయని ఒక్కొక్కటీ విప్పి చూస్తే, ఊరు అనుకునేదానికీ ఇంటికి చేరేదానికీ మధ్య దూరం చాలా ఉంది.

అన్నిటికంటే పేరున్నది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం. 2006-07లో మొదలైంది. ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు దీన్ని నడుపుతుంది. ముఖ్యంగా ఆఫీసరు హోదాకు దిగువన పనిచేసి వచ్చిన మాజీ సైనికుల పిల్లలకు, వారి వితంతువులకు ఇది వర్తిస్తుంది. 2019లో రెండోసారి అధికారంలోకి వచ్చాక మోదీ ప్రభుత్వం తీసుకున్న మొదటి నిర్ణయం ఈ స్కాలర్‌షిప్ మొత్తాన్ని పెంచడమే. అప్పటిదాకా అబ్బాయిలకు నెలకు 2,000, అమ్మాయిలకు 2,250 ఉండేది. ఆ నిర్ణయంతో అబ్బాయిలకు 2,500, అమ్మాయిలకు 3,000 అయింది. ఏడాదికోసారి ఒకే మొత్తంగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. అంటే అబ్బాయికి 30 వేలు, అమ్మాయికి 36 వేలు. నాలుగేళ్ళ బీటెక్ పూర్తయ్యేసరికి అబ్బాయికి లక్షా ఇరవై వేలు, అమ్మాయికి లక్షా నలభై నాలుగు వేలు వస్తాయి.

మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ కన్వీనర్ కోటా ఫీజు ఏడాదికి 40 వేల దగ్గర మొదలవుతుంది. పేరున్న కాలేజీల్లో అంతకు రెట్టింపు దాటుతుంది. బైరెడ్డిపల్లె పిల్ల అంగళ్ళులోని ఇంజినీరింగ్ కాలేజీ మిట్స్‌లో చేరినా, కుప్పంలో చేరినా, తిరుపతి వెళ్ళినా హాస్టలు ఖర్చు వేరే. కాబట్టి ఈ స్కాలర్‌షిప్ చిన్న కాలేజీ ఫీజులో ముప్పాతిక భాగానికి, పెద్ద కాలేజీ ఫీజులో మూడో వంతుకు సరిపోతుంది. ఇది పనికిరాని సొమ్మేమీ కాదు. చేతిలో డబ్బు ఆడని నెలలో 36 వేలు ఒక్కసారిగా వచ్చి పడితే ఆ ఇంటికి ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. అయితే చదువంతా ప్రభుత్వమే చూసుకుంటుందనే మాటకు ఈ లెక్క నిలబడదు.

అదీ అందరికీ రాదు. దేశం మొత్తం మీద ఏటా ఇచ్చేవి 5,500 స్కాలర్‌షిప్పులు, సగం అబ్బాయిలకు, సగం అమ్మాయిలకు. మన సైన్యాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది రిటైరై ఇళ్ళకు చేరుతున్నారు. ఎంపికలో ముందు వరస యుద్ధంలో చనిపోయినవాళ్ళ కుటుంబాలది. ఆ తర్వాత వికలాంగులైనవాళ్ళు, విధి నిర్వహణ కారణంగా మరణించినవాళ్ళు, శౌర్య పతకాలు పొందినవాళ్ళ పిల్లలు. ఆ క్రమం న్యాయమైనదే. దాన్ని తప్పు పట్టే మనిషి ఉండడు. కానీ మామూలుగా సర్వీసు పూర్తి చేసుకుని, పెన్షన్‌తో ఊరికి వచ్చిన సిపాయి బిడ్డ ఆఖరి వరసలో నిలబడి, మార్కుల పోటీలో నెగ్గాలి. దరఖాస్తుకే ఇంటర్‌లో 60 శాతం మార్కులు కావాలి.

నాకు ఇంకా పెద్ద లోపంగా కనిపించేది కోర్సుల దగ్గరుంది. ఈ స్కాలర్‌షిప్ ఇంజినీరింగ్, మెడిసిన్, బీఈడీ, బీఫార్మసీ, బీబీఏ, బీసీఏ వంటి వృత్తి కోర్సులకే. ఆపైన ఎంబీఏ, ఎంసీఏ ఉన్నాయి. మామూలు బీఏ, బీకాం, బీఎస్సీలకు లేదు. 1915 నుంచీ ఈ ప్రాంతానికి చదువు చెబుతున్న మదనపల్లె బీటీ కాలేజీలో బీఏ చదివే మాజీ సైనికుడి కూతురు ఈ జాబితాలోకి రాదు. కుప్పంలో మూడు రాష్ట్రాల ఎల్లల దగ్గర ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచీ ఉంది. అక్కడ తెలుగులోనో కన్నడంలోనో ఎంఏ చేసే కుర్రాడికీ ఇదే పరిస్థితి. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో అందుబాటులో ఉన్న చదువు ఒకటి, డబ్బు వచ్చే చదువు మరొకటి.

అలాంటి పిల్లల్లో డిగ్రీ చదివేవాళ్ళకు మిగిలింది రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి ఇచ్చే విద్యా గ్రాంటు. హవల్దారు ర్యాంకు దాకా పనిచేసినవాళ్ళకు, ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇస్తారు. పీజీ చదువుకునే వితంతువులకూ ఉంది. చాలా ఏళ్ళు ఇది నెలకు వెయ్యి రూపాయలే. 2025 అక్టోబరులో రక్షణ మంత్రి దాన్ని రెండు వేలు చేశారు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు కొత్త మొత్తం వర్తిస్తుంది. బిడ్డకు ఏడాదికి 24 వేలన్నమాట. ఇటీవలి కాలంలో ఈ రంగంలో జరిగిన మంచి మార్పు ఇదేనని నా ఉద్దేశం. ఎందుకంటే ఇది మామూలు డిగ్రీ చదివే పిల్లలకూ అందుతుంది. వేరే చోట నుంచి చదువు సాయం అందడం లేదని మాత్రం రాసివ్వాలి. నాయబ్ సుబేదారుగా రిటైరైనవాళ్ళకు మాత్రం ఇది లేదు. సిపాయిగా చేరి, కిందామీదా పడి ఒక మెట్టు పైకెక్కిన మనిషి ఇక్కడ ఆ మెట్టు వల్లే నష్టపోతాడు.

ఈ రెండు పథకాలకూ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తెలియదు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది. విద్యా గ్రాంటు సాయుధ దళాల పతాక నిధి నుంచి వస్తుంది. రెండూ ప్రజలు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాలతో నిండేవే. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న బళ్ళలో, ఆఫీసుల్లో చిన్న జెండా గుచ్చి తీసుకునే పది, ఇరవై రూపాయలు చివరికి ఆ పతాక నిధికే చేరతాయి. ఇచ్చినవాళ్ళందరికీ దండం పెట్టాలి. కానీ జీతంలా, పెన్షన్‌లా చట్టం ఇచ్చిన హక్కుగా రావాల్సినది విరాళాల డబ్బాను బట్టి రావడం నాకు మింగుడుపడదు. విరాళం మీద నడిచే పథకానికి సంఖ్య పరిమితి తప్పదు, మొత్తం పరిమితి తప్పదు, దరఖాస్తుదారు చేయి చాచడమూ తప్పదు.

రాష్ట్రం వైపు చూస్తే ఇంకో చిక్కు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. 2022 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ సవరణ పట్టికలో సిపాయి పెన్షన్ నెలకు 19,726 రూపాయలు. పన్నెండు నెలలకు 2,36,712. దీనికి కరువు భత్యం కలిపితే రెండున్నర లక్షల గీత దాటిపోతుంది. పక్కింట్లో నాలుగెకరాల టమోటా, రెండు పాడావులు, పట్టుగూళ్ళ మీద ఇంతకంటే ఎక్కువ సంపాదించే రైతు బిడ్డకు రీయింబర్స్‌మెంట్ రావచ్చు, ఆయన ఆదాయం కాగితం మీద కనపడదు గనక. సిపాయి ఆదాయం పైసాతో సహా బ్యాంకులో కనపడుతుంది. నేను రైతుకు వచ్చేది తీసేయమనడం లేదు. సైనిక పెన్షన్‌ను పిల్లల చదువు విషయంలో ఆదాయ లెక్క నుంచి మినహాయించమంటున్నాను. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఒక్క జీవోతో అయ్యే పని ఇది.

డబ్బు కాకుండా సీటు రూపంలో దక్కేది క్యాప్ కోటా, అంటే సైనికుల పిల్లల కోటా. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో 2 శాతం సీట్లు వీళ్ళవి. ఇక్కడా ప్రాధాన్య క్రమం ఉంది. మామూలు మాజీ సైనికుల పిల్లలు ఆరో వరసలో, సర్వీసులో ఉన్నవాళ్ళ పిల్లలు వాళ్ళ తర్వాత. మంచి కాలేజీలో మంచి బ్రాంచి కావాలనుకునే పిల్లకు ఇది నిజంగా పనికొచ్చే దారి. ర్యాంకు కొంచెం వెనకబడినా సీటు అందుతుంది. ఇవి గాక ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ కాలేజీలున్నాయి. సికింద్రాబాదులో డెంటల్ కాలేజీ, పుణెలో ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళవే. ఇంకా కిందికి దిగితే మన కలికిరి సైనిక్ స్కూల్లో కొన్ని సీట్లు సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు కేటాయించినవే.

పథకాలు ఇన్ని ఉన్నా బైరెడ్డిపల్లె దాకా రావడంలో అసలు అడ్డు కాగితాల దగ్గర ఉంది. ఇది కొంచెం దగ్గరగా చూడాలి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలంటే డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, ఇంటర్ మార్కుల జాబితా, కాలేజీ బోనఫైడ్, బ్యాంకు ధ్రువీకరణ కావాలి. వీటికి తోడు జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం చేసిన పత్రం ఉండాలి. వీటన్నిటిలో తండ్రి పేరు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే ఉండాలి. చిక్కంతా ఇక్కడే. పాతికేళ్ళ కిందట భర్తీ రోజున ఏ ఉత్తరాది క్లర్కో రెడ్డెప్ప అనే పేరును తనకు వినపడినట్టు రాసుకున్నాడు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, మరో చోట అసలు లేదు. బిడ్డ పుట్టినప్పుడు యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ వేయించి ఉంటే బిడ్డ పేరు రికార్డులోకి ఎక్కుతుంది. వేయించకుండా రిటైరై వచ్చేస్తే, సైన్యం రికార్డులో ఆ బిడ్డ లేనట్టే.

దాన్ని సరిచేయాలంటే రికార్డు ఆఫీసుకు రాయాలి. ఆర్టిలరీ వాళ్ళకు నాసిక్, మద్రాస్ రెజిమెంట్ వాళ్ళకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు బెంగుళూరు, ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల దళం (ఈఎంఈ) వాళ్ళకు సికింద్రాబాదు. ఉత్తరం వెళ్ళి, అఫిడవిట్ అడిగి, తిరిగి వచ్చేసరికి నెలలు పడుతుంది. ఈలోపు దరఖాస్తు గడువు అయిపోతుంది. ఈ స్కాలర్‌షిప్‌కు కోర్సు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టుకోవాలి గనక ఆ ఏడాది తప్పితే మొత్తం తప్పినట్టే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చిత్తూరులో ఉంది. బైరెడ్డిపల్లె నుంచి పలమనేరు పోయి, బస్సు మారి, చిత్తూరు చేరి, ఆ రోజు సంతకం పెట్టే అధికారి క్యాంపుకు పోయుంటే మళ్ళీ ఇంకో రోజు. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషికి ఈ తిరుగుడు ఎంత కష్టమో ఆలోచించండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, బైరెడ్డిపల్లె చిత్తూరులోనే ఉండిపోయింది. ఇరుగుపొరుగు ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు అడిగి దారి తెలుసుకునే వీలు దాంతో ఇంకొంచెం తగ్గింది.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉంది. ఇంటికొకరు సైన్యంలోకి పోయే ఊరని దానికి పేరు. అలాంటి చోట ఒకరికి స్కాలర్‌షిప్ వస్తే నెలలో ఊరందరికీ తెలుస్తుంది, ఫారం నింపే మనిషి వీధిలోనే ఉంటాడు. మన పడమటి మండలాల్లో మాజీ సైనికులు ఊరికి ఒకరో ఇద్దరో చెదిరి ఉన్నారు. వాళ్ళకు సంఘబలం లేదు, సమాచారం లేదు. ఏడాదికి రెండుసార్లు పలమనేరులోనో మదనపల్లెలోనో సైనిక సంక్షేమ కార్యాలయం, రికార్డు ఆఫీసు ప్రతినిధి, బ్యాంకు కలిసి ఒక శిబిరం పెడితే సగం చిక్కులు అక్కడికక్కడే తీరతాయి.

ప్రాణాలిచ్చినవాళ్ళ పిల్లల సంగతి వేరు. 1971 యుద్ధం ముగిసిన వేళ పార్లమెంటులో ఒక మాట ఇచ్చారు: యుద్ధంలో చనిపోయిన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని. ట్యూషను ఫీజు, హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ అందులో ఉన్నాయి. 2017 జులైలో దానికి నెలకు పదివేల పరిమితి పెట్టారు. దేశమంతా నిరసన వచ్చింది. నౌకాదళాధిపతి రక్షణ మంత్రికి లేఖ రాశారు. 2018 మార్చిలో ఆ పరిమితి ఎత్తేశారు. అడిగితే దిగివస్తారనడానికి ఇది నిదర్శనం. ఈ ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. ఐరాల మండలం రెడ్డివారిపల్లె హవల్దారు ప్రవీణ్ కుమార్ రెడ్డి 2020 నవంబరులో కశ్మీర్‌లోని మచిల్ సెక్టార్‌లో ఉగ్రవాదులతో పోరాడి నేలకొరిగాడు. కురబలకోట మండలం ఎగువరేగడ లాన్స్ నాయక్ సాయితేజ 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. అలాంటి ఇళ్ళ పిల్లలు చదువు పూర్తయ్యేదాకా ఏ కౌంటర్ దగ్గరా ఎవరినీ బతిమాలే పని పడకూడదు.

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ పిల్లల చదువులు. సైనికుడి సొంత చదువు మాటేమిటి? పద్దెనిమిదేళ్ళకు పదో తరగతితోనో ఇంటర్‌తోనో చేరి, ముప్పై ఐదుకు బయటికొచ్చిన మనిషికి ముందు ఇంకో పాతికేళ్ళ పని జీవితం ఉంది. ఆయన యూనివర్సిటీకి పోయి చదువుకుంటానంటే ఫీజు కట్టే పథకం మన దగ్గర లేదు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ బిడ్డలది, వితంతువులది గానీ ఆయనది కాదు. పునరావాస డైరెక్టరేట్ రిటైర్‌మెంటుకు ముందు ఉచితంగా చెప్పించే కోర్సులు ఉపాధికి పనికొస్తాయి, డిగ్రీలు కావు. పదో తరగతి పాసై పదిహేనేళ్ళు సర్వీసు చేస్తే కొన్ని గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీతో సమానంగా చూస్తారు. అది ఉద్యోగ దరఖాస్తుకు పనికొచ్చే కాగితం. దాన్ని చూపించి యూనివర్సిటీలో పీజీ సీటు అడగలేం. అందుకే బ్యాంకు కాపలా, ఏటీఎం కాపలా, బెంగుళూరులో సెక్యూరిటీ సూపర్‌వైజరు పని. గౌరవమైన పనులే. కానీ రాడార్ బాగుచేసిన చేతులకు, వంతెనలు కట్టిన చేతులకు అంతకంటే పెద్ద దారి ఉండాలి.

అమెరికా ఈ ప్రశ్నకు 1944 జూన్ 22న జవాబు చెప్పింది. రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల ఫీజు, పుస్తకాలు, బతుకుతెరువు ఖర్చు చట్టప్రకారం భరించింది. 1956 నాటికి 78 లక్షల మంది దాన్ని చదువుకో శిక్షణకో వాడుకున్నారు, అందులో 22 లక్షల మంది కాలేజీలకు వెళ్ళారు. అందరికీ సమానంగా అందలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులను అడుగడుగునా అడ్డుకున్నారు. 2009 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 36 నెలల చదువుకు ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజుతో పాటు ఇంటి అద్దె భత్యం ఇస్తుంది. నిర్ణీత సర్వీసు ఉంటే దాన్ని భార్యకో బిడ్డకో బదిలీ చేసుకోవచ్చు. వాళ్ళంత డబ్బు మన దగ్గర లేదనడం సులువు. నేర్చుకోవాల్సింది మొత్తం కాదు, పద్ధతి. అక్కడ చదువు సైనికుడు సంపాదించుకున్న హక్కు. తాను వాడుకోవాలా, బిడ్డకివ్వాలా అన్నది అతను తేల్చుకుంటాడు.

ఇప్పుడీ ప్రశ్న మన గుమ్మంలోకే వచ్చింది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్‌లో చేరిన తొలి అగ్నివీరులకు 2026 చివరి నుంచి నాలుగేళ్ళు నిండుతాయి. నూటికి 25 మంది దాకా ఉంచుకుని, మిగతావాళ్ళను పంపుతారు. చాలామంది పాతికేళ్ళకు అటూఇటూ కుర్రాళ్ళు, అంటే సరిగ్గా యూనివర్సిటీలో ఉండాల్సిన వయసు. వాళ్ళకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు. కాబట్టి పైన చెప్పిన పథకాల తలుపులు వాళ్ళ ఇళ్ళకు తెరుచుకోవు. చేతికొచ్చేది వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవానిధి. అందులో అసలు 10.04 లక్షలు, దానిలో సగం, అంటే 5.02 లక్షలు, నెలనెలా అతని జీతంలోంచి 30 శాతం చొప్పున కోసుకున్నదే. చెల్లెలి పెళ్ళి, బోరు బావి, నాన్న అప్పు ముందు వరసలో ఉండే ఇంట్లో ఆ డబ్బు కాలేజీ ఫీజుదాకా మిగులుతుందని నేననుకోను.

చదువు కోసమని విడిగా చేసింది ఇగ్నో డిగ్రీ. సర్వీసులో నేర్చుకున్న పనికి సగం క్రెడిట్లు ఇచ్చి, మిగతా సగం చదివించి మూడేళ్ళ డిగ్రీ ఇస్తారు. మంచి ఆలోచనే. ఎండలో, మంచులో కాపలా కాసిన రోజులకు యూనివర్సిటీ విలువ కట్టడం మన దేశంలో పెద్ద అడుగు. కానీ ఆ డిగ్రీ తర్వాత ఎంబీఏకో, లా కాలేజీకో, ఇంజినీరింగ్‌కో పోదలచినవాడికి ఫీజు ఎవరు కడతారు? గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అగ్నివీరుడే. 2025 మే నెలలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణమిచ్చినప్పుడు అతను సైనికుడు కాదని ఎవరూ అనలేదు. అలాంటి సర్వీసే చేసి బతికి ఇంటికొచ్చినవాడిని చదువు విషయంలో మాత్రం సైనికుడు కాదనడం అన్యాయం.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. నాలుగేళ్ళు సేవ చేసిన ప్రతివాడికీ ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక డిగ్రీ ఫీజు కేంద్ర బడ్జెట్ నుంచి హక్కుగా రావాలి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో బీఏ, బీకాం, బీఎస్సీ చేర్చాలి. సైనిక పెన్షన్‌ను రీయింబర్స్‌మెంట్ లెక్క నుంచి రాష్ట్రం తీసేయాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓట్లకు వచ్చినప్పుడు ఈ మూడూ వాళ్ళ ముందు పెట్టండి. అవి జరిగేదాకా, మీ ఇంట్లోనో మీ వీధిలోనో మాజీ సైనికుడుంటే, బిడ్డ పదో తరగతిలో ఉండగానే డిశ్చార్జి బుక్కు తీసి చూడండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ స్కూలు రికార్డుతో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ వారమే రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. ఇంటర్ ఫలితాలు వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది.